పదుగురి సొత్తు

'పదిమందిలో పాము చావదు' అన్నది మన పెద్దల మాట. పాము కనిపించగానే జనం గుమిగూడుతారు. కర్ర తెమ్మని ఒకరు, దీపం పట్టమని మరొకరు కేకలు వేస్తారు. పక్కవాడు కొడతాడులే అనుకొని ప్రతివాడూ ఒక అడుగు వెనుకకు వేస్తాడు. ఈలోగా పాము తన దారిన తాను పోతుంది. ఈ సామెతలో హాస్యం ఉన్నది. హాస్యం వెనుక ఒక కఠిన సత్యమూ ఉన్నది. అందరి పని ఎవరి పనీ కాదు. అందరి సొత్తు ఎవరికీ పట్టదు. ఇంటి గడప విరిగితే ఆ సాయంత్రమే వడ్రంగి వస్తాడు. వీధి చివర మురుగుకాలువ మీద పలక విరిగితే, దాని పక్కగా నడవడం ఊరంతా అలవాటు చేసుకుంటుంది.

ఈ సత్యం మన పూర్వులకు బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుకు సంబంధించిన శిలాశాసనం ఒకటి ఉన్నది. అది క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాజవంశానికి చెందిన భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించాడు. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు చొప్పున రెండేళ్ళపాటు పని జరిగిందని శాసనం చెబుతున్నది. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలతోపాటు చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను కూడా అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం, నేల చవుడు కావడం వంటివి ఎవరైనా ఊహించగలిగిన దోషాలే. కానీ ఆ ఆరింటిలో ఒకటి నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం దోషమట! రాతిలోనూ మట్టిలోనూ లోపం లేకపోయినా, 'ఇది మాది' అని చెప్పుకొనే వారు స్పష్టంగా లేని చెరువు నిలవదని ఆ శాసనకర్త భావించాడేమో.

నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంజనీరుగా పనిచేసిన నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కట్టడం ఒక ఎత్తు, కట్టినదాన్ని కాపాడుకోవడం మరొక ఎత్తు. ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది; మరమ్మతుకు శిలాఫలకం ఉండదు. అందుచేత కట్టేవారికి కొదవ లేదు, కాపాడేవారికే కరవు. ఈ విషయంలో నాకు మంచి పాఠం ఒకటి మన చెరువుకట్టల మీద కాక, వేల మైళ్ళ దూరాన, పిల్లలు ఆడుకొనే ఒక కాంక్రీటు స్థలంలో దొరికింది. దాని పేరు స్కేట్‌పార్కు.

స్కేట్‌బోర్డును మన పట్టణాలలో ఇప్పుడు చాలామంది చూసే ఉంటారు. అది దాదాపు మూరన్నర పొడవు గల పలక. సాధారణంగా మేపుల్ చెక్కను ఏడు పొరలుగా అతికించి దానిని తయారుచేస్తారు. అడుగున రెండు ఇరుసులు, నాలుగు చిన్న చక్రాలు ఉంటాయి. పట్టుకోవడానికి పిడి లేదు, ఆపడానికి బ్రేకు లేదు. దానిపై నిలబడి, ఒక కాలితో నేలను తన్ని, శరీరభారాన్ని అటూ ఇటూ మారుస్తూ ముందుకు సాగాలి. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో సముద్రపు అలలపై పలకలతో తేలియాడే యువకులు, అలలు లేని రోజున వీధులలోనే ఆ ఆనందాన్ని పొందాలని 1950వ దశకంలో ఈ ఆటకు రూపం ఇచ్చారు. 1970వ దశకం తొలినాళ్ళలో పాలీయురేథేన్ చక్రాలు వచ్చాయి. అవి నేలను గట్టిగా పట్టుకోవడంతో ఆట స్వరూపమే మారిపోయింది. 1976–77 సంవత్సరాలలో కాలిఫోర్నియాలో తీవ్రమైన కరవు వచ్చి ఇళ్ళలోని ఈతకొలనులు ఎండిపోయాయి. ఆ కొలనుల గుండ్రని గోడలపై పిల్లలు పైకీ కిందికీ జారుతూ ఆడసాగారు. నేటి స్కేట్‌పార్కులలో కనిపించే లోతైన కాంక్రీటు గిన్నెలు ఆ ఎండిన కొలనులకు వారసులే.

ఆ దశకం చివర వ్యాపారులు రుసుము వసూలు చేసే స్కేట్‌పార్కులను విరివిగా కట్టారు. కానీ పడి దెబ్బలు తగిలించుకున్న వారు నష్టపరిహారం కోరితే ఎట్లా అన్న భయం యజమానులను పట్టుకున్నది. బీమా ఖర్చులు పెరిగిపోయాయి. 1980వ దశకం మొదట్లోనే వాటిలో చాలావాటిని మూసివేసి, నేలమట్టం చేశారు. పిల్లలు మళ్ళీ వీధులలోకి వచ్చారు. వీధులలో దుకాణదారులు కసిరారు, పోలీసులు తరిమారు. ఆట ఉన్నది, ఆడేవారు ఉన్నారు, చోటు లేదు. సరిగ్గా ఈ స్థితిలో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక విచిత్రం జరిగింది.

పోర్ట్‌లాండ్‌ను విల్లమెట్ నది రెండుగా చీలుస్తుంది. నదిపై ఉన్న వంతెనలలో బర్న్‌సైడ్ వంతెన ఒకటి. దానిని 1926లో కట్టారు. ఆ ఊరిలో శరత్కాలం నుంచి వసంతం దాకా సన్నని వాన ఎడతెగక కురుస్తుంది. తడి కాంక్రీటుపై చక్రం నిలవదు. అందువలన స్కేటర్లు తూర్పుగట్టున, వంతెన నీడలో పొడిగా ఉండే చోటును వెతుక్కున్నారు. అప్పటికి అది మంచి చోటు కాదు. మత్తుమందులు వాడేవారికీ, చీకటి వ్యవహారాలు నడిపేవారికీ అది నెలవు. నేలంతా చెత్త, గాజుపెంకులు, వాడి పారేసిన సూదులు. 1990లో కొందరు యువకులు ఆ చెత్తను ఎత్తిపోసి, సిమెంటు బస్తాలు తెచ్చి, వంతెన గోడకు ఆనించి ఒక చిన్న వాలును పోశారు. ఎవరి అనుమతీ అడగలేదు. ఎవరైనా కూల్చివేస్తారేమోనని ఎదురుచూశారు. ఎవరూ రాలేదు. మరొక వాలు పోశారు. దాని పక్కన ఇంకొకటి.

చుట్టుపక్కల గిడ్డంగులు, దుకాణాలు నడిపేవారు ఈ మార్పును గమనించారు. పగలంతా పిల్లలు ఆడుతూ ఉండడం వలన అక్కడ చీకటి పనులు తగ్గాయి. వారు స్కేటర్ల పక్షాన నిలిచారు. చివరకు నగరపాలక సభ కూడా ఆ నిర్మాణాన్ని ఉండనివ్వడానికి అంగీకరించింది. ప్రభుత్వ ధనం ఖర్చు కాకుండా, ఆడేవారి చేతులతో, విరాళాలతో పెరిగిన ఆ స్థలం తరువాతి కాలంలో లోకప్రసిద్ధి పొందింది. 1999లో వచ్చిన ఒక ప్రసిద్ధ స్కేట్‌బోర్డు వీడియో ఆటలో అది ఒక రంగస్థలమైంది. అక్కడ సిమెంటు కలిపి పని నేర్చుకున్న మార్క్ స్కాట్ వంటివారు ఆ తరువాత స్కేట్‌పార్కుల నిర్మాణాన్నే వృత్తిగా చేపట్టి, న్యూబర్గ్, లింకన్ సిటీ వంటి పట్టణాలలో పార్కులు కట్టారు. పట్టా లేని బడిలో చదివి పండితులైనారన్నమాట.

2018లో మా అబ్బాయి కుటుంబంతో ఆరు నెలలు గడపడానికి నేను ఆ ప్రాంతానికి వెళ్ళాను. పోర్ట్‌లాండ్‌కు పడమరగా ఉన్న హిల్స్‌బరోలో వారి నివాసం. కంప్యూటరు చిప్పుల పరిశ్రమలో పనిచేసే తెలుగువారు అక్కడ చాలామంది ఉన్నారు. పదమూడేళ్ళ మా మనవడికి స్కేట్‌బోర్డు అంటే ప్రాణం. శనివారం ఉదయం అయ్యేసరికి, "తాతయ్యా, బర్న్‌సైడ్‌కు పోదామా?" అని చెప్పులు తెచ్చి నా ముందు పెట్టేవాడు. ఇద్దరం రైలెక్కి నగరానికి వెళ్ళేవాళ్ళం. వాడు ఆడుతూ ఉంటే నేను ఒక పక్కగా కూర్చుని చూసేవాణ్ణి. తల మీద వంతెన, దానిపై వాహనాల హోరు, వంతెనకు అటూ ఇటూ తెరలు దించినట్లు వాన. మధ్యలో ఎగుడుదిగుడుగా, ఒకదానితో ఒకటి పెనవేసుకున్న కాంక్రీటు గిన్నెలు.

నాకు మొదట ఆశ్చర్యం కలిగించింది ఆట కాదు, చీపురు. ఉదయం వచ్చిన వారిలో మొదటివాడు పలకను కింద పెట్టక ముందే చీపురు అందుకొనేవాడు. రెండవవాడు వచ్చి రెండవ చీపురు తీసుకొనేవాడు. ఎవరూ ఎవరికీ చెప్పేవారు కాదు. ఇంత శ్రద్ధ ఎందుకని మా వాణ్ణి అడిగాను. "చిన్న రాయి చాలు తాతయ్యా, చక్రం అక్కడే ఆగిపోతుంది. మనం మాత్రం ఆగం" అని నవ్వాడు. ఆ మాటలో యంత్రశాస్త్రమంతా ఉన్నది. సైకిలు చక్రం పెద్దది. గులకరాయిని ఎక్కి దిగిపోతుంది. స్కేట్‌బోర్డు చక్రం వ్యాసం సాధారణంగా ఐదారు సెంటీమీటర్లే. దానికి గులకరాయి ఒక గోడ వంటిది. వేగంగా పోతున్న పలక టక్కున ఆగితే దానిపై నిలిచిన మనిషి ముందుకు ఎగిరి పడతాడు. కాబట్టి ఆ చీపురు అక్కడ శుభ్రతకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకు కూడా.

ఒక శనివారం గిన్నె అంచున కొందరు మోకాళ్ళపై కూర్చుని కనిపించారు. వారిలో పెద్దవాడికి యాభై ఏళ్ళుంటాయి. వృత్తిరీత్యా వడ్రంగి. తక్కినవారు అతని కొడుకుల వయసువారు. అక్కడ అరచేయంత మేర కాంక్రీటు పెచ్చు లేచిపోయింది. నా వృత్తి నన్ను ఊరుకోనివ్వలేదు. దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. వారు పెచ్చు లేచిన చోటు చుట్టూ యంత్రంతో కోసి, అంచులను నిటారుగా చేశారు. వదులుగా ఉన్న ముక్కలను ఏరివేసి, దుమ్మును ఊది, నీటితో తడిపారు. పలుచని సిమెంటు పాలు పూసి, దానిపై గట్టి మిశ్రమాన్ని నింపి తాపీతో అదిమారు. అటుపైన ఆ పెద్దాయన కళ్ళు మూసుకొని అరచేతితో మెల్లగా నిమిరాడు. పాతదెక్కడ ముగిసిందో, కొత్తదెక్కడ మొదలైందో చేతికి తెలియకూడదు. తెలిస్తే మళ్ళీ గీకాలి. మూడుసార్లు గీకారు. చివరకు తడి గుడ్డలు కప్పి, చుట్టూ నాలుగు డబ్బాలు నిలబెట్టారు.

నేను ఇంజనీరునని చెప్పుకొని, "ఈ పనిని మీకు ఎవరు అప్పగించారు?" అని అడిగాను. అతడు కాస్త ఆలోచించి, ఎవరి చక్రం పగులులో పడితే పని వారిదేనని జవాబిచ్చాడు. మరుసటి వారం వెళ్ళేసరికి ఆ డబ్బాలు అట్లాగే ఉన్నాయి. కాపలావాడు లేడు, హెచ్చరిక బోర్డు లేదు. గంటకు పాతికమంది ఆ గిన్నెలో తిరుగుతున్నా ఒక్కరూ ఆ గీటు దాటలేదు. కొత్తగా వేసిన కాంక్రీటును ఆరనివ్వాలని ఎన్ని చోట్ల ఎన్ని ముళ్ళకంపలు అడ్డం పెట్టించానో, వాటిని ఎన్నిసార్లు జనం తొలగించారో నాకు తెలుసు. ఆ నాలుగు డబ్బాల కేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఇక్కడ గమనించవలసినది శ్రమదానం ఒక్కటే కాదు; జ్ఞానం కూడా. స్కేట్‌పార్కును మామూలు మేస్త్రి కట్టలేడు. ఇనుప కడ్డీల అల్లికపై కాంక్రీటును గొట్టంతో వేగంగా చిమ్మి, అది గట్టిపడక ముందే వంపు తిరిగిన గోడను చేతితో నునుపు చేయాలి. వంపు ఒక్క అంగుళం తప్పినా ఆట చెడుతుంది. మరమ్మతు మరీ సున్నితం. మరొక పట్టణంలోని పార్కులో అతుకుల మధ్య పగుళ్ళకు సిబ్బంది తారు నింపడం నేను చూశాను. రోడ్డుకు అది సరిపోతుంది. కానీ ఎండకు తారు మెత్తబడి చక్రాలకు అంటుకొన్నది. ఉబికిన చోట పిల్లలు తూలి పడ్డారు. పనిచేసిన వారిలో శ్రద్ధ లోపించిందని నేను అనను. ఆ పగులుపై ప్రయాణించిన అనుభవం వారికి లేదు, అంతే. కంటికి కనిపించని లోపం కాలికి తెలుస్తుంది. వాడేవాడి కాలు చెప్పే మాటను వినగలిగిన కార్యాలయమే ప్రజల ఆస్తిని నిజంగా కాపాడగలుగుతుంది.

ఈ మాట మన రైతులకు కొత్తది కాదు. చెరువుకట్టలో ఎక్కడ ఎండ్రకాయ బొరియ పెట్టిందో, ఏ తూము తలుపు బిగుసుకుపోయిందో, అలుగు పక్కన ఎక్కడ మట్టి జారుతున్నదో అందరికన్నా ముందు తెలిసేది ఆయకట్టు రైతుకు, నీరు పారించే నీరుగంటికి. ఆ తెలివిడి పునాదిగానే 'కుడిమరామత్తు' అనే ఆచారం ఏర్పడింది. కుడి అంటే కాపు, రైతు. మరామత్తు అంటే బాగుచేత. వానకాలానికి ముందు ఊరివారు కలిసి పూడిక తీసి, కట్టకు మట్టి పోసి, కాలువలు చక్కదిద్దేవారు. ఆంగ్లేయుల పాలనలో చెరువుల పెత్తనం ప్రభుత్వానికి చేరింది. ఊరి శ్రద్ధ సన్నగిల్లుతుంటే, ఆ శ్రమను నిర్బంధం చేస్తూ మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో చట్టం తెచ్చారు. ఆచారంగా ఉన్నది ఆజ్ఞగా మారినా, పోయిన మమకారం చట్టంతో తిరిగి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన అర్ధశతాబ్దం తరువాత, 1997లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీటిపారుదల వ్యవస్థల నిర్వహణలో రైతులకు భాగస్వామ్యం కల్పిస్తూ చట్టం చేసి, నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పాటుచేసింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువులలో పూడిక తీసినప్పుడు, ఆ ఒండ్రుమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకొన్నారు. తనకు పనికివచ్చే మట్టి అని తెలిసినప్పుడు మనిషి పిలవకుండానే బండి కడతాడు.

అయితే కార్యాలయాల భయంలోనూ న్యాయం ఉన్నది. అనుమతి లేకుండా ఎవరో పోసిన వాలు విరిగి పిల్లవాడికి గాయమైతే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు లేనంతకాలం ఏ అధికారీ సంతకం చేయడు. 1997లో కాలిఫోర్నియా రాష్ట్రం స్కేట్‌బోర్డింగును ప్రమాదంతో కూడిన వినోదంగా గుర్తిస్తూ, స్థానిక సంస్థల బాధ్యతకు హద్దులు ఏర్పరచే చట్టం చేసింది. ఆ తరువాతనే అక్కడి పట్టణాలు ధైర్యంగా పార్కులు కట్టసాగాయి. టోనీ హాక్ అనే ప్రఖ్యాత క్రీడాకారుడు 2002లో నెలకొల్పిన సంస్థ, పేదవాడలలో పార్కుల నిర్మాణానికి సహాయం అందిస్తూ, స్థానిక యువకులను రూపకల్పనలోనే భాగస్వాములను చేయాలని కోరుతూ వచ్చింది. పోర్ట్‌లాండ్ నగరం కూడా వంతెన కింది అనుభవాన్ని మరచిపోలేదు. 2005లో నగరమంతటా 19 చోట్లను స్కేట్‌పార్కుల కోసం ఎంపిక చేసింది. ప్రజలు ముందు నడిచారు. ప్రభుత్వం వెనుక వచ్చి ఆ దారిని చదును చేసింది.

కాపాడుకోవడమంటే ఎల్లప్పుడూ తాపీ పట్టడమే కాదు. ఒక్కొక్కప్పుడు కాగితం, కలం పట్టవలసి వస్తుంది. లండన్ నగరంలో థేమ్స్ నది ఒడ్డున క్వీన్ ఎలిజబెత్ హాలు అనే సంగీతశాల ఉన్నది. 1967లో ప్రారంభమైన ఆ భవనం అడుగుభాగాన స్తంభాల మధ్య ఉన్న ఖాళీస్థలంలో 1970వ దశకం నుంచి స్కేటర్లు ఆడుతున్నారు. దానిని ఎవరూ వారి కోసం కట్టలేదు. 2013లో ఆ స్థలాన్ని దుకాణాలుగా మార్చే ప్రతిపాదన వచ్చింది. స్కేటర్లు బల్ల వేసుకొని కూర్చుని, దారిన పోయే ప్రతివారికీ తమ గోడు చెప్పుకొన్నారు. లక్షకు పైగా ప్రజలు వారికి మద్దతు పలికారు. 2014లో స్థలం స్కేటర్లకే ఉండేట్లు ఒప్పందం కుదిరింది. వారు అంతటితో ఆగలేదు. ఏనాడో మూసివేసిన మరొక భాగాన్ని కూడా విరాళాలు పోగుచేసి, నిన్నటిదాకా ఎదురుపక్షంగా ఉన్న సంస్థతోనే చేతులు కలిపి బాగుచేయించి 2019లో తెరిపించారు. పోరాడడమూ తెలియాలి, పోరాటం ముగిశాక కలిసి పనిచేయడమూ తెలియాలి.

ఇంతవరకు చెప్పినదంతా వెలుగే. కానీ దీపం కింద నీడ ఉన్నట్లే ఇక్కడా ఒక నీడ ఉన్నది. శ్రమించినవారు 'ఇది మాది' అనుకోవడం సహజం. ఆ 'మాది' క్రమంగా 'మీది కాదు' అయ్యే ప్రమాదమూ ఉన్నది. బర్న్‌సైడ్‌లో నేను గడిపిన శనివారాలలో ఆడపిల్లలు అరుదుగా కనిపించేవారు. ఆరితేరిన ఆటగాళ్ళ మధ్యకు వెళ్ళడానికి కొత్తవారు జంకేవారు. మా మనవడు కూడా తొలి రెండు వారాలు అంచునే నిలబడి, మూడవ వారం చీపురు పట్టిన తరువాతనే లోపలికి దిగగలిగాడు. మన చెరువుల కథలోనూ ఈ నీడ ఉన్నది. కట్టకు తట్టలతో మట్టి మోసినవారిలో సెంటు భూమి లేనివారు, ఆయకట్టు నీటిలో వాటా లేనివారు ఎందరో. సమష్టి శ్రమ అనే అందమైన మాట వెనుక ఎవరి శ్రమ, ఎవరి ఫలం అన్న ప్రశ్న ఎప్పుడూ నిలిచే ఉంటుంది.

ఈ ప్రశ్నకు మన దేశంలోనే ఒక పల్లె చక్కని సమాధానం చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అనే చిన్న గ్రామం ఉన్నది. ఉల్రికె రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ చొరవతో 2015లో అక్కడ ఒక స్కేట్‌పార్కు వెలిసింది. అక్కడి నియమాలు రెండే. బడికి వెళ్ళనివారికి పలక లేదు. ఆడపిల్లలకు మొదటి అవకాశం. ఆదివాసుల పిల్లలు, ఇతర కులాల పిల్లలు ఒకే పలకను పంచుకొని ఆడడం ఆ ఊరికి ఆ కాంక్రీటు నేల నేర్పింది. ఆ ఊరి గోండు బాలిక ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో మన దేశం తరఫున పాల్గొన్నది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ తొలిసారిగా చేరింది. కానీ నా దృష్టిలో పతకాలకన్నా ఆ రెండు నియమాలే విలువైనవి. తలుపు ఎవరి కోసం తెరిచి ఉంచాలో ముందే నిర్ణయించుకొన్న సంఘం, తలుపు మూసుకొనే దోషం నుంచి తప్పించుకొంటుంది.

బర్న్‌సైడ్ వంతెన పెద్ద భూకంపానికి తట్టుకోలేదని నిపుణులు తేల్చారు. దాని స్థానంలో కొత్త వంతెన కట్టాలని అక్కడి మల్ట్‌నోమా కౌంటీ ప్రణాళిక రచించింది. ఆ మహానిర్మాణపు చర్చలలో కింద ఉన్న స్కేట్‌పార్కు మాట ఏమిటన్న ప్రశ్న కూడా చోటు చేసుకొన్నది. 1990లో ఎవరినీ అడగకుండా పోసిన వాలును ఇప్పుడు వంతెన కట్టే ఇంజనీర్లు లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది! దాని విలువ అందులోని సిమెంటు వల్ల పెరగలేదు. ఇన్నేళ్ళుగా ప్రతి ఉదయం అక్కడ తిరిగిన చీపుళ్ళ వల్ల పెరిగింది.

ఇక మన సంగతి. నేను నివసించే పట్టణంలో మా కాలనీకి ఒక పిల్లల పార్కు ఉన్నది. అందులోని ఊయల గొలుసు తెగి నాలుగేళ్ళు దాటింది. రెండుసార్లు అర్జీ పెట్టాము. రెండుసార్లూ అందినట్లు రసీదు వచ్చింది. ఈలోగా అది తెగినప్పుడు ఐదేళ్ళున్న పిల్లలు ఊయల వయసు దాటిపోయారు. వారికి పోయిన ఊయలను ఏ నిధులతోనూ తిరిగి ఇవ్వలేము. కిందటి వేసవిలో కాలనీ యువకులు నలుగురు కార్యాలయానికి వెళ్ళి, గొలుసు మేమే వేసుకొంటాము, మీరు వచ్చి భద్రంగా ఉన్నదో లేదో చూసి చెప్పండి అని రాతపూర్వకంగా అడిగారు. ఇట్లా అడిగిన వారిని ఆ అధికారి అంతకు ముందు చూసి ఉండడు. పది రోజులలో అనుమతి వచ్చింది. గొలుసు బిగించిన మరునాటి నుంచి ఆ ఊయల దగ్గర పెద్ద పిల్లలే చిన్న పిల్లలను వరుసలో నిలబెడుతున్నారు.

ఇందువలన ప్రభుత్వాలు చేయవలసినదంతా ప్రజలే చేసుకోవాలని నా భావం కాదు. పన్ను కట్టిన పౌరుడు రోడ్డు కూడా తానే వేసుకోవాలంటే అది భాగస్వామ్యం అనిపించుకోదు, బరువు దులుపుకోవడం అవుతుంది. విద్యుత్తు స్తంభాన్నో, వంతెన స్తంభాన్నో ఔత్సాహికులు ముట్టుకోరాదు. నిధులు, నైపుణ్యం, భద్రత ప్రభుత్వ ధర్మం. కనిపెట్టి ఉండడం, శుభ్రంగా ఉంచడం, చిన్న పగులు పెద్దది కాకముందే చెప్పడం, చెప్పినా విననప్పుడు పదిమందిని కూడగట్టి అడగడం వాడుకొనేవారి ధర్మం. ఒక చేత్తో చప్పట్లు మోగవు.

యువతీయువకులారా! మీ కళాశాల ఆటస్థలం, మీ ఊరి గ్రంథాలయం, మీ వీధి కుళాయి, మీరు ఎక్కే బస్సు ఆగే చోటు ఇవన్నీ పదుగురి సొత్తు. వాటిలోని లోపాలు మీకు తెలిసినంతగా ఏ దస్తావేజుకూ తెలియవు. ఆ తెలివిడి మీ దగ్గరే ఉండిపోతే అది గొణుగుడుగా మిగులుతుంది. నలుగురితో పంచుకొంటే పనిగా మారుతుంది. పదిమందిలో పాము చావదన్న సామెతకు మందు పదకొండవ మనిషి కోసం ఎదురుచూడడం కాదు, పదిమందిలో ఒకరు ముందుగా కర్ర అందుకోవడం. ఆ మొదటి మనిషి గొప్ప వీరుడే కానక్కరలేదు. ఉదయం అందరికన్నా ఒక్క నిమిషం ముందు వచ్చినవాడైతే చాలు.